తిట్టు ఎవరి నోట, దెబ్బ ఎవరికి

2011 జనవరిలో కెనడా రేడియో ప్రపంచంలో పెద్ద దుమారం లేచింది. పాతికేళ్లుగా అన్ని స్టేషన్లూ వేస్తూ వచ్చిన ఒక రాక్ పాటను ఇకమీదట కత్తెర వేయకుండా ప్రసారం చేయకూడదని తీర్పు వచ్చింది. పాట పేరు ‘మనీ ఫర్ నథింగ్’. పాడింది బ్రిటన్‌కు చెందిన డయర్ స్ట్రెయిట్స్ బృందం. తీర్పు చెప్పింది కోర్టూ కాదు, సర్కారూ కాదు. ప్రైవేటు ప్రసార సంస్థలు తమ నడవడిని తామే సరిచూసుకోవడానికి పెట్టుకున్న కెనడియన్ బ్రాడ్‌కాస్ట్ స్టాండర్డ్స్ కౌన్సిల్. అంతకు ఏడాది ముందు న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరంలో ఒక ఎఫ్‌ఎం స్టేషన్ రాత్రిపూట ఆ పాట వేసింది. విన్నవారిలో ఒకరు ఫిర్యాదు చేశారు. గే మగవాళ్లను తిట్టడానికి వాడే ఒక మాట ఆ పాటలో మూడుసార్లు వస్తుంది. అదీ ఫిర్యాదు.

ఒకప్పుడు ఆ మాట చెల్లిపోయి ఉండవచ్చు గానీ ఇప్పుడు చెల్లదని కౌన్సిల్ తేల్చింది. కొన్ని స్టేషన్లు ఒంటికాలి మీద లేచాయి. ఎడ్మంటన్‌లో ఒకటి, హాలిఫాక్స్‌లో ఒకటి గంటసేపు ఆ పాటనే మళ్లీ మళ్లీ వేసి నిరసన తెలిపాయి. ఫిర్యాదులు వెల్లువెత్తడంతో ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ కల్పించుకుని, మరోసారి ఆలోచించమని కౌన్సిల్‌ను కోరింది. దేశం నలుమూలల నుంచీ సభ్యులను తీసుకుని కొత్త ప్యానెల్ వేశారు. ఆగస్టు చివర్లో రెండో తీర్పు వచ్చింది. మాట చెడ్డదే, కానీ ఈ పాటలో అది ఒక పాత్ర నోట వ్యంగ్యంగా వచ్చింది కనుక, వేయాలా వద్దా అన్నది ఏ స్టేషన్‌కు ఆ స్టేషనే తేల్చుకోవచ్చు అని దాని సారాంశం.

ఈ రెండో తీర్పే సరైనది. అయితే కౌన్సిల్ చెప్పిన కారణంలో సగం నిజమే ఉంది. మిగతా సగం తెలియాలంటే పాట పుట్టిన చోటికి వెళ్లాలి.

న్యూయార్కులో ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే దుకాణం. వెనక గోడ పొడవునా టీవీలు. అన్నిటిలోనూ ఎంటీవీ. పెట్టెలు మోసి ఇళ్లకు చేర్చే పనివాడొకడు వాటి ముందు నిలబడి, తెర మీది గాయకులను చూస్తూ నోటికొచ్చినట్టు మాట్లాడుతున్నాడు. ఆ సమయానికి దుకాణంలో ఉన్న డయర్ స్ట్రెయిట్స్ గాయకుడు మార్క్ నాఫ్లర్ కాగితం, పెన్ను అడిగి తీసుకుని అక్కడే పాట మొదలుపెట్టారు. పనివాడి మాటల్లో చాలా వాటిని ఉన్నదున్నట్టే ఎక్కించారు. వాళ్లు గిటారు వాయించి లక్షలు గడిస్తున్నారు, తను మాత్రం నడుం విరిగేలా ఫ్రిజ్‌లు మోస్తున్నాడు. అతని కడుపుమంటలో కొంత న్యాయం ఉంది. ఆ మంటలోనే మరో మనిషి పట్ల ఏహ్యమూ ఉంది. చెవికి పోగు పెట్టుకుని, ముఖానికి రంగు వేసుకున్న గాయకుణ్ని చూసి అతను ఆ తిట్టు తిడతాడు. ఇక్కడ తిట్లు తినే వర్గంలో నాఫ్లర్ కూడా ఉన్నాడు. ఊరికే డబ్బు గడించేవాళ్లలో తనూ ఒకడేనని తెలిసే రాశాడు.

1985లో పాట వచ్చినప్పుడే అభ్యంతరమూ వచ్చింది. లండన్‌లోని ఒక గే పత్రిక సంపాదకుడు ఇది అన్యాయమైన దెబ్బ అన్నారు. పాటలో మాట్లాడుతున్నది మూర్ఖుడైన ఒక పాత్ర అనీ, పాట కట్టేవాడు తన గొంతుతోనే మాట్లాడాలన్న నియమం లేదనీ నాఫ్లర్ సమాధానం చెప్పారు. చిన్న సింగిల్‌గా విడుదలైన కూర్పులోనూ, తర్వాత వచ్చిన సంకలనంలోనూ ఆ చరణం లేదు. అంటే కత్తెర వేసిన పాట మొదటి నుంచీ దొరుకుతూనే ఉంది.

పాత్ర నోట మాట పెట్టడం తెలుగువారికి కొత్త విద్యేమీ కాదు. గురజాడ గిరీశం చేత ఎన్నెన్ని దుర్మార్గపు మాటలు పలికించారో ‘కన్యాశుల్కం’ చదివినవారందరికీ తెలుసు. అవి గురజాడ అభిప్రాయాలని ఎవరూ అనరు. నాటకంలో ప్రతి మాటకూ ముందు పలికేవాడి పేరు ఉంటుంది. రంగస్థలం మీద వేషం ఉంటుంది, ఎదుటి పాత్ర ఉంటుంది, ఆ మాటకు బదులు చెప్పేవాడు ఉంటాడు. రేడియోలో వచ్చే పాటకు ఇవేవీ లేవు. కారు నడుపుతూ విన్నవాడికి, టీ కొట్టు దగ్గర విన్నవాడికి చేరేది గొంతు ఒక్కటే. ‘నేను’ అని మొదలైతే ఆ నేను గాయకుడే అనుకుంటారు. కాబట్టి అరువు గొంతుతో పాడేవాడి మీద నాటకకర్త కంటే ఎక్కువ బరువు ఉంటుంది. అది అరువు గొంతని పాటలోనే తెలిసిపోవాలి. నాఫ్లర్ పాటలో కొంత తెలుస్తుంది. మైక్రోవేవ్ పొయ్యిలు బిగించాలనీ, ఫ్రిజ్‌లు జరపాలనీ పనివాడి గోడు పదే పదే వస్తుంది. పాత్ర ఎవరో పోల్చుకోవచ్చు. అతని మాట తప్పని చెప్పే గొంతు మాత్రం పాటలో ఎక్కడా వినపడదు. లండన్ సంపాదకుడికి నొప్పి కలిగింది అక్కడే. ఆ నొప్పిని అపార్థమని కొట్టిపారేయడం సరికాదు.

ఈ పాట విషయంలో చాలామంది మరచిపోయిన సంగతి ఒకటుంది. 1985 సెప్టెంబరులోనే అమెరికా సెనేట్‌లో పాటల్లో బూతు మీద పేరుమోసిన విచారణ జరిగింది. సెనేటర్ ఆల్ గోర్ భార్య టిప్పర్ గోర్, మరికొందరు రాజకీయ నాయకుల భార్యలు కలిసి ఒక సంఘం పెట్టి, పిల్లలను చెడగొడుతున్నాయంటూ 15 పాటల జాబితా తయారు చేశారు. ప్రిన్స్, మడోన్నా, సిండీ లాపర్ పాటలు అందులో ఉన్నాయి. శృంగారం, హింస, మద్యం, క్షుద్రపూజ అని ఒక్కో పాటకూ ఒక్కో నేరం అంటగట్టారు. సంగీతకారులు ఫ్రాంక్ జాపా, జాన్ డెన్వర్, డీ స్నైడర్ సెనేట్ ముందు కూర్చుని సెన్సారును ఎదిరించి మాట్లాడారు. ఆల్బంల మీద తల్లిదండ్రులకు హెచ్చరిక ముద్ర పుట్టింది ఆ గొడవలోంచే. ఆ నెలలోనే అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కిన పాట ‘మనీ ఫర్ నథింగ్’. ఆ 15 పాటల్లో మాత్రం అది లేదు.

కారణం తేలిగ్గానే ఊహించవచ్చు. ఆ జాబితా రాసినవాళ్లకు ఆ మాట తగలలేదు. అది తగిలినవాళ్లు ఆ రోజుల్లో ఎయిడ్స్‌తో ఆసుపత్రుల్లో చనిపోతున్నారు. హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్ ఎయిడ్స్‌తో కన్నుమూసింది 1985 అక్టోబరు 2న, ఆ పాట ఇంకా పట్టికలో పైన మోగుతున్నప్పుడే. రోగులను తాకడానికి జనం భయపడుతున్న కాలమది. వీధిలో ఎవరో అరిస్తే ఆ తిట్టు వెంట దెబ్బలూ పడేవి. అలాంటి రోజుల్లో ఆ మాట ప్రతి రేడియోలోనూ మోగుతుంటే, అది పాత్ర నోటి మాట అన్న వివరణ ఆ తిట్టు పడ్డ మనిషికి ఎంత ఊరటనిస్తుంది? కౌన్సిల్ రెండో తీర్పులో లోపించిన సగం ఇదే. సందర్భం అంటే రాసినవాడి ఉద్దేశం ఒక్కటే అనుకున్నారు. ఆ మాట పడ్డవాడి బతుకు కూడా సందర్భమే.

ఇంతకంటే గట్టిగా కట్టిన పాటలు లేకపోలేదు. ర్యాండీ న్యూమన్ 1974లో ‘గుడ్ ఓల్డ్ బాయ్స్’ ఆల్బంలో చేసిన ‘రెడ్‌నెక్స్’ అలాంటిది. జార్జియా గవర్నరుగా పనిచేసిన జాతి వేర్పాటువాది లెస్టర్ మాడెక్స్ ఒక టీవీ కార్యక్రమంలో అవమానపడటం చూసి ఆ పాటకు ఊపిరి పోశారు న్యూమన్. దక్షిణాది తెల్లవాడి గొంతుతో మొదలవుతుంది. నల్లవాళ్లను అనే అతి నీచమైన మాట అందులో పదే పదే వస్తుంది. ఉత్తరాది శ్రోత ఆ మొరటువాణ్ని చూసి నవ్వుకుంటూ ఉంటాడు. అంతలో పాట తిరగబడుతుంది. మీ ఊళ్లలో నల్లవాళ్లకు స్వేచ్ఛ ఇచ్చామంటారు కదా, ఎక్కడ బంధించి ఉంచారో చూడండి అంటూ హార్లెం, షికాగో సౌత్ సైడ్, క్లీవ్‌లాండ్ హఫ్, బోస్టన్ రాక్స్‌బరీ పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు ఆ మొరటువాడే. ఆ ఆల్బం వచ్చిన సెప్టెంబరులోనే బోస్టన్‌లో నల్ల పిల్లలను తెల్లవాళ్ల బడులకు తీసుకువెళ్లే బస్సుల మీద రాళ్లు పడ్డాయి. దక్షిణాదిన కాదు, చదువుల నగరమని పేరుబడ్డ ఉత్తరాది ఊళ్లో. న్యూమన్ పాటలో తిట్టు ఊరికే రాలేదు. అది లేకపోతే వల పడదు. వల పడకపోతే శ్రోత తన ఊరి పేరు విని ఉలిక్కిపడడు. ఆ మాటను బీప్ శబ్దంతో కప్పేస్తే మిగిలేది హానిలేని హాస్యగీతం.

అయినా ఆ పాటను జనంలో పాడటం ఈరోజుకీ కష్టమే. నల్లజాతి శ్రోత ఆ చివరి మలుపు దాకా చేరేలోపు ఎన్ని దెబ్బలు తినాలి? ఆ ప్రశ్నకు ఎంత గొప్ప పాట దగ్గరా పూర్తి జవాబు ఉండదు.

ఇందుకు సరిగ్గా ఎదురుగా నిలిచే కథ నల్లజాతి గాయని నీనా సిమోన్‌ది. 1963 జూన్ 12న మిసిసిపీ రాష్ట్రం జాక్సన్‌లో పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను ఇంటి ముందే కాల్చి చంపారు. సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లోని 16వ వీధి బాప్టిస్టు చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ వార్త విన్నాక గంటలోపే సిమోన్ ‘మిసిసిపీ గాడ్‌డాం’ కట్టారు. 1964 మార్చిలో న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో, ఎక్కువగా తెల్లవాళ్లే ఉన్న సభలో పాడారు. నాటకాల్లో వాడే హుషారైన బాణీ కట్టి, దాని లోపల నిప్పు పెట్టారు. దక్షిణాది రేడియో స్టేషన్లు చాలా వరకు ఆ రికార్డును వేయలేదు. ఒక చోటి నుంచి రికార్డుల పెట్టె తిరిగి వచ్చింది, లోపల రికార్డులన్నీ రెండు ముక్కలుగా విరిచి. పైకి చెప్పిన కారణం పేరులోని శాపం దైవదూషణ అని. బాంబుకు పిల్లలు చచ్చిపోయినప్పుడు రాని దైవభక్తి పాట పేరు విన్నాక పుట్టుకొచ్చింది.

అక్కడ ఫిర్యాదు చేసింది నొప్పి పడ్డవాళ్లు కాదు, నొప్పి పెట్టినవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లు. మాట కాకపోతే మరొకటి సాకుగా దొరికేది. 1965లో సెల్మా నుంచి మాంట్‌గమరీకి నడిచిన ఊరేగింపు వాళ్ల ముందు సిమోన్ ఆ పాట పాడారు. 2019లో అమెరికా జాతీయ గ్రంథాలయం దాన్ని దేశం భద్రపరచుకోవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చింది. సెయింట్ జాన్స్ శ్రోత ఫిర్యాదునూ, దక్షిణాది స్టేషన్ల ఫిర్యాదునూ ‘మనోభావాలు’ అనే ఒకే గంపలో వేయడం పెద్ద తప్పు. మాట ఎవరి మీద పడింది, వాళ్లకు ఊళ్లో ఎంత బలం ఉంది, ఫిర్యాదు నెగ్గితే నోరు మూసుకోవలసింది ఎవరు అని అడిగితే రెంటికీ తేడా వెంటనే తెలుస్తుంది.

2022 జనవరికి వద్దాం. ఆ ఒక్క నెలలో రెండు వేర్వేరు దేశాల్లో రెండు పాత రచనల విషయంలో రెండు నిర్ణయాలు జరిగాయి.

బ్రిటన్‌లో ఎల్విస్ కాస్టెల్లో తన 1979 నాటి పాట ‘ఆలివర్స్ ఆర్మీ’ని ఇక వేదిక మీద పాడనని చెప్పారు. అది బ్రిటిష్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లిన పాట, ఆయన పాటల్లో అన్నిటికంటే పేరు తెచ్చింది. బెల్ఫాస్ట్ వీధుల్లో తుపాకులు పట్టుకుని నిలబడ్డ పడుచు సైనికులను చూసి రాశారు. పని దొరకని కార్మికుల పిల్లలను సామ్రాజ్యం సైన్యంలోకి ఎలా లాగుతుందో చెప్పే పాట. అందులో ఒక చోట నల్లజాతి వాళ్లను తిట్టే మాటను ఐరిష్ కాథలిక్కులకు అంటగట్టే ప్రయోగం ఉంది. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన తన తాతను అలాగే పిలిచేవారని కాస్టెల్లో చెబుతారు. ఉద్దేశం స్వచ్ఛమైనదే. 2013లో బీబీసీ స్టేషనొకటి ఆ మాటను బీప్‌తో కప్పి వేసింది. అలా కప్పడం వల్ల మాట మరింత ఎత్తి చూపినట్టవుతుందనీ, అంతకంటే పాట వేయడమే మానేయమనీ ఆయన అన్నారు. ఎవరూ నిషేధించలేదు, కేసు పెట్టలేదు. పాట రాసిన మనిషి తన మాట ఇవాళ ఎక్కడ పడుతోందో చూసుకుని తనంతట తానే పక్కన పెట్టారు. రికార్డు అలాగే ఉంది, కావలసినవాళ్లు వింటున్నారు.

ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనలను రాష్ట్రమంతటా నిషేధించింది. వరకట్నం మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’ రాసిన కాళ్లకూరి నారాయణరావు దాదాపు నూరేళ్ల కిందట వేశ్యావ్యామోహం మీద రాసిన సంఘ సంస్కరణ నాటకం అది. పద్యాలతో, పాటలతో ఊరూరా ఆడింది. బిల్వమంగళుడు, భవానీశంకరంతో పాటు ఆస్తి పోగొట్టుకునే సుబ్బిశెట్టి పాత్ర ఉంది. ఆ పాత్ర తమను అవమానిస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలంగా అంటూ వచ్చాయి. నిషేధం మీద అప్పటి ఎంపీ రఘురామకృష్ణరాజు హైకోర్టుకు వెళ్లారు.

ఆర్యవైశ్యుల బాధ ఉత్తుత్తిది అనడానికి వీల్లేదు. కాళ్లకూరి రాసిన పుస్తకంలో లేని బూతులు, రెండర్థాల మాటలు, రంగును, ఒడ్డూ పొడుగునూ వెక్కిరించే చేష్టలు ప్రదర్శకులు ఏళ్ల తరబడి సుబ్బిశెట్టి నోట చేరుస్తూ వచ్చారు. ఈలలు పడే చోట మరో నాలుగు కలిపారు. వ్యసనం మనిషిని ఎలా దించుతుందో చెప్పవలసిన పాత్ర ఒక కులాన్ని చూసి నవ్వించే పాత్రగా మిగిలింది. దానికి మందు కాళ్లకూరి మూలగ్రంథమే. ఆ పుస్తకం పట్టుకుని, చేర్చినవన్నీ తీసేసి ఆడమని నాటక సమాజాలకు చెప్పి ఉండవచ్చు. కులసంఘాల పెద్దలనూ, నటులనూ ఒక చోట కూర్చోబెట్టి ఉండవచ్చు. అదేమీ చేయకుండా ఒక్క సంతకంతో నాటకాన్ని మొత్తంగా ఆపేశారు. సుబ్బిశెట్టి వేషం కట్టి పొట్టపోసుకునే పేద కళాకారుడి కూడు పోయింది. కాళ్లకూరి లేచి వచ్చి తన మాట సరిచేసుకోలేరు. రాసినవాడు లేనప్పుడు ఆ బాధ్యత ఆడేవాళ్లదీ చూసేవాళ్లదీ అవుతుంది. ప్రభుత్వం దాన్ని వాళ్ల చేతుల్లోంచి లాక్కోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

తిట్టు పడ్డవాళ్లే ఆ తిట్టును చేతిలోకి తీసుకోవడం ఇంకో సంగతి. తెలుగునాట ఇది బాగా తెలిసిన చరిత్ర. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమంలోకి వచ్చినవాళ్లు అప్పటిదాకా అవమానంగా వినిపించిన కులం పేరును తమ పేర్ల చివర తగిలించుకున్నారు. డప్పును ఎలా భుజాన వేసుకున్నారో పేరునూ అలాగే వేసుకున్నారు. నలుగురి ముందు కులం పేరుతో దూషించడం 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఆ పేరే వేదిక మీద సొంత గొంతుతో ఎత్తి పలికితే ఆత్మగౌరవం. చట్టం ఈ తేడాను గుర్తించింది, ఊరి జనమూ గుర్తించారు. అందులో ఎవరికీ తికమక లేదు.

పంజాబ్‌లో జలంధర్‌కు చెందిన గిన్నీ మాహీ చేసింది అదే. కాలేజీలో తోటి విద్యార్థిని కులం అడిగి, చమార్లు ప్రమాదకరమైనవాళ్లట కదా అందని ఆమె చెప్పింది. ఆ అమ్మాయి అన్న రెండు మాటలనే కలిపి ‘డేంజర్ చమార్’ అని పాట విడుదల చేసింది. తుపాకులూ కత్తులూ తమకు అక్కర్లేదని చెబుతూ అంబేడ్కర్‌నూ, గురు రవిదాస్‌నూ కీర్తించే గొంతు అది. 2007లో ‘ఆజా నచ్‌లే’ సినిమా పాటలో చెప్పులు కుట్టేవాడు కంసాలినని చెప్పుకుంటున్నాడనే పాదం వచ్చినప్పుడు ఉత్తరప్రదేశ్‌లో మాయావతి ప్రభుత్వం సినిమాను నిలిపివేసింది, నిర్మాతలు క్షమాపణ చెప్పి ఆ పాదం తీసేశారు. సినిమా మొత్తాన్ని ఆపడం ఎక్కువే. కానీ ఆ పాదం పోవడం వల్ల పాటకు ఏ లోటూ రాలేదు. ఆ వెక్కిరింపు వెనక పాత్ర లేదు, తిరగబడే మలుపు లేదు, నవ్వించడానికి దొరికిన ఒక కులం మాత్రమే ఉంది. హిజ్రాలను వెక్కిరించే మాటలతో మన తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి నడిచిన హాస్యానిదీ ఇదే లెక్క. దానికి సందర్భం పేరు చెప్పి గొడుగు పట్టకూడదు.

తిట్టు ఎవరి నోట అన్న ప్రశ్నను పాటలోకే తెచ్చినవాడు కెండ్రిక్ లామార్. 2018 ఏప్రిల్‌లో ర్యాప్ ఆల్బంకు తొలిసారి పులిట్జర్ బహుమతి వచ్చింది, ఆయన ‘డ్యామ్’కే. ఆ మరుసటి నెలలోనే అలబామాలో ఒక సంగీత ఉత్సవంలో ఆయన తెల్ల అభిమాని ఒకామెను వేదిక మీదికి పిలిచి తనతో పాడమన్నారు. ఆమె పాటలో ఉన్నదున్నట్టు నల్లవాళ్లను తిట్టే ఆ మాట కూడా పాడేసింది. సభ గోల చేసింది, లామార్ ఆపించారు. ఆ మాట నీ నోట రాకూడదని అందరి ముందూ చెప్పారు. నాలుగేళ్ల తర్వాత ‘ఆంటీ డైరీస్’ అనే పాటలో లామార్ తన బంధువుల్లో లింగమార్పిడి చేసుకున్నవారి గురించి పాడారు. చిన్నప్పుడు తనూ, తోటి కుర్రాళ్లూ గే మనుషులను తిట్టే మాటను ఎంత అలవోకగా వాడేవాళ్లమో చెప్పడానికి ఆ మాటనే పదే పదే పలికారు. ‘మనీ ఫర్ నథింగ్’లోని తిట్టు కూడా అదే. పాట చివర అలబామా సంఘటన వస్తుంది. నువ్వు ఆ మాట అనగలిగితే ఆమె ఈ మాట ఎందుకు అనకూడదన్న నిలదీత వస్తుంది. నాఫ్లర్ పాటలో లేని బదులు చెప్పే గొంతు ఇక్కడ ఉంది. అది గాయకుడినే బోనులో నిలబెడుతుంది.

అయినా గే, ట్రాన్స్ శ్రోతలు ఈ పాట మీద ఏకాభిప్రాయానికి రాలేదు. కొందరు కన్నీళ్లతో విన్నారు. కొందరు అన్నిసార్లు ఆ మాట పడాలా, పాత పేర్లతో పిలవాలా అని బాధపడ్డారు. రెండూ నిజాయితీగా వచ్చినవే. గాయకుడు నేర్చుకున్న పాఠానికి రుసుము తాము కట్టవలసి వచ్చిందన్న వాళ్ల మాటకు లామార్ అభిమానులు విలువ ఇవ్వాలి.

రేడియో స్టేషన్లకు ఇదంతా రోజువారీ సమస్య. బీబీసీ రేడియో 1 ఏం చేసిందో చూడండి. పోగ్స్ బృందం, కర్స్టీ మెక్‌కాల్ కలిసి 1987లో పాడిన ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ క్రిస్మస్ రోజుల్లో బ్రిటన్ అంతా వినే పాట. కలలు చెదిరి చితికిపోయిన ఒక జంట ఒకరినొకరు తిట్టుకునే ఘట్టంలో గే మనుషులను తిట్టే ఆ మాటే వస్తుంది. 2007 డిసెంబరులో స్టేషన్ దాన్ని కప్పేసింది, గోల లేచేసరికి సాయంత్రానికల్లా నిర్ణయం మార్చుకుంది. 2020లో మళ్లీ వేరే కూర్పు వేసింది. అప్పుడే పెద్దవాళ్లు ఎక్కువగా వినే రేడియో 2 మాత్రం అసలు పాటే వేసింది. పాట రాసిన షేన్ మెక్‌గవన్ 2018లో దీని మీద మాట్లాడుతూ, ఆ మాట అనే పాత్ర మంచి మనిషేమీ కాదనీ, ఆ కాలంలో ఆ బతుకు బతికే మనిషి అలాగే మాట్లాడుతుందనీ చెప్పి, ఇంతకీ ఇది అర్థం కానివాళ్లు ఉంటే ఆ మాటను కప్పేసినా తనకు అభ్యంతరం లేదన్నారు. తన పాటను కాపాడుకుంటూనే విన్నవాడి నొప్పికి చోటిచ్చారు. కళాకారులందరూ చదవవలసిన జవాబు అది.

రేపు తెలుగులోనూ ఈ ప్రశ్న గట్టిగా ఎదురవుతుంది. సొంతంగా పాటలు కట్టి నేరుగా ఇంటర్నెట్‌లో పెట్టే ర్యాప్ గాయకులు హైదరాబాద్ నుంచి విశాఖ దాకా తయారవుతున్నారు. వాళ్లకు సెన్సార్ బోర్డు లేదు, నిర్మాత లేడు. వీధి భాషలో వీధి కోపం పాడతారు, పాడాలి కూడా. నిరుద్యోగం గురించో, పరువు హత్య గురించో పాడేటప్పుడు దుర్మార్గుడి నోటి మాటను దుర్మార్గుడి నోటే వినిపించవలసి వస్తుంది. అప్పుడు కులసంఘమో, మతసంఘమో పోలీస్ స్టేషన్‌కు వెళుతుంది. అందిన కాగితం మీద కేసు రాసుకునే ముందు ఆ స్టేషన్ అధికారి పాటను మొదటి నుంచి చివరి దాకా వినాలి. మాట ఎవరి మీద పడిందో చూడాలి. ఫిర్యాదు తెచ్చినవారు నొప్పి పడ్డవారో, నిజం బయటపడుతుందని భయపడ్డవారో తెలుసుకోవాలి. జిల్లా కలెక్టర్లకూ, సాంస్కృతిక శాఖకూ వర్తించే మాట ఇదే. ఎఫ్‌ఎం స్టేషన్లు పాటకు ముందు, ఇది ఫలానా పాత్ర గొంతు అని రెండు వాక్యాలు చెప్పవచ్చు. అందుకు పైసా ఖర్చు ఉండదు.

పాటలు కట్టే యువకులకు ఒక విన్నపం. తిట్టు వాడవలసి వస్తే వాడండి. విడుదలకు ముందు, ఆ మాట బతుకంతా పడ్డ మనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని వినిపించండి. ఆ మనిషి వద్దంటే ఎందుకు వద్దంటున్నారో ఓపికగా విని, ఆ తర్వాతే పాటను జనంలోకి వదలండి.